గొంతు దిగని ముద్ద: మా మామ్మ ఎక్స్-రే ఫిల్ము వెనక 150 ఏళ్ల కథ

ఈసారి రాజులూ లేరు, యుద్ధాలూ లేవు. ఒక నల్ల ఫిల్ము కథ చెప్తాను. వీడియో చూడకుండా ఇక్కడ చదువుతున్నవాళ్ల కోసం: నా చేతిలో పాతకాలం ఎక్స్-రే ఫిల్ము ఒకటుంది. అంచులు వంకర తిరిగిపోయాయి. మూలన 2004 అని ఉంది. మొన్న పండక్కి గుమ్మలక్ష్మీపురం వెళ్లినప్పుడు మా ఇంట్లో రేకు పెట్టె అడుగున దొరికింది. మా మామ్మది.

వెలుతురుకి పెట్టి చూస్తే మెడ ఎముకలు కనిపిస్తాయి. వాటి ముందు తెల్లటి గీత ఒకటి కిందికి దిగుతుంది. పాలధారలా నున్నగా దిగాల్సిన గీత, మెడ కిందకి వచ్చేసరికి ఒక్కసారిగా సన్నబడి, ఎలుక కొరికినట్టు గరుకుగా అయిపోయింది. ఆ సన్నబడిన చోటే క్యాన్సర్. అన్నవాహిక పై భాగంలో.

అప్పుడు నేను ఏడో తరగతి, ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండేవాణ్ని. ఆ ఫిల్ము అంటే ఏంటో తెలీదు. ఇప్పుడు దాని గురించి చదువుతూ పోతే, ఆ ఒక్క ఫిల్ము వెనక ఒక కత్తులు మింగేవాడు, ఒక పెద్ద బాతు, స్వీడన్ ఆడవాళ్లు, మన శ్రీకాకుళం పల్లెలు, అందరూ కనిపించారు. అదే ఇవాళ్టి ఎపిసోడ్.

ముందు మామ్మ సంగతి.

మామ్మకి అన్నం ముద్ద గొంతులో ఆగుతోందని మొదట ఎవరికీ చెప్పలేదు. ముద్ద తర్వాత ఒక గుక్క నీళ్లు తాగేది. కొన్నాళ్లకి అన్నం మానేసి చోడి అంబలి తాగడం మొదలెట్టింది. ‘అంబలైతే సల్లగుంటాది’ అనేది. ఇంకొన్నాళ్లకి అంబలి కూడా పల్చగా కలపమంది. చివరికి గంజి తేట. మేమంతా ఏమనుకున్నామంటే, పెద్దదైపోయింది, ఆకలి తగ్గింది, అని. అమ్మ అడిగితే, ‘గొంతులోన ఏదో అడ్డినట్టుంటాది గానీ, నాకేటి కానేదు’ అంది.

ఊళ్లో ఒకాయన గ్యాస్ బిళ్లలిచ్చాడు. నెలలు గడిచాయి. ఆయన్ని తప్పు పట్టడానికి చెప్పట్లేదు. మేము కూడా రోజూ పక్కనే కూర్చుని తింటూ గమనించలేదు కదా. తర్వాత గొంతు బొంగురుపోయింది. నీళ్లు తాగినా దగ్గు వచ్చేది. అప్పుడు కురుపాం మీదుగా పార్వతీపురం, అక్కణ్నించి రైల్లో విశాఖ తీసుకెళ్లారు.

అక్కడ ఒక పెద్దాసుపత్రిలో తెల్లటి మందు గ్లాసులో పోసిచ్చారట. మామ్మ అది చూసి, ‘ఇది సున్నమేటిరా బావూ, నానేటైనా గోడనా?’ అందట. మా నాన్న ఇప్పటికీ ఈ మాట చెప్పి నవ్వుతాడు, వెంటనే మౌనమైపోతాడు. ఆ సున్నంలాంటి మందు మింగుతుండగా తీసిందే ఈ ఫిల్ము.

సరే, అసలు అన్నవాహిక అంటే ఏంటి? నోటి నుంచి పొట్టలోకి ముద్దని తీసుకెళ్లే కండరాల గొట్టం. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. మీ చేతిలో ఫోను 16 సెంటీమీటర్లు అనుకుంటే, ఒకటిన్నర ఫోను పొడవన్నమాట. డాక్టర్లు దీన్ని ముందు పళ్ల దగ్గర్నుంచి కొలుస్తారు. సుమారు 15 సెంటీమీటర్ల దగ్గర గొట్టం మొదలవుతుంది, 40 దగ్గర పొట్టలో కలుస్తుంది. పై భాగం ఉన్న చోటు చాలా ఇరుకు. ముందు శ్వాసనాళం, వెనక వెన్నెముక, పైన స్వరపేటిక, పక్కనే గొంతు పలికించే నరాలు. పైగా అన్నవాహికకి పేగులకున్నట్టు బయట గట్టి పొర లేదు. అందుకే అక్కడ గడ్డ పుడితే పక్కవాటిని తొందరగా అంటుకుంటుంది. మామ్మ గొంతు బొంగురుపోవడం, నీళ్లకి దగ్గు రావడం ఊరికే కాదని నాకిప్పుడు అర్థమవుతోంది.

ఇంకో తిరకాసు ఏంటంటే, ఈ గొట్టం సాగుతుంది. గడ్డ కొంచెం పెరిగినా ముద్ద ఎలాగో పక్కనుంచి జారిపోతుంది. ముద్ద ఆగుతోందని మనిషికి తెలిసేసరికే లోపల దారి చాలావరకు మూసుకుపోయి ఉంటుంది. అంటే లోపల ఏం జరుగుతోందో బయటనుంచి చూడాలి. ఎలా చూడాలి? చరిత్ర ఇక్కడ మొదలవుతుంది.

1868. జర్మనీలోని ఫ్రైబర్గ్. అడాల్ఫ్ కుస్‌మాల్ అనే డాక్టర్‌కి ఒక ఆలోచన వచ్చింది. సంతల్లో కత్తులు మింగేవాళ్లుంటారు కదా. తల వెనక్కి వంచి అంత పొడుగు కత్తి దింపగలిగితే, ఒక గొట్టం ఎందుకు దింపలేం? కత్తులు మింగే ఒకాయన్ని పిలిచి, తిన్నని లోహపు గొట్టం మింగించాడు. గొట్టం దిగింది. కానీ లోపల చీకటి. అప్పటి దీపం వెలుతురు అంత లోతుకి చాలలేదు. అయినా ఈనాటి ఎండోస్కోపీకి ముత్తాత అదే. గొట్టం వంగుతూ, వెలుతురుని మోసుకుంటూ లోపలికి వెళ్లడానికి ఇంకో తొంభై ఏళ్లు పట్టింది. 1957లో అమెరికాలో బాసిల్ హిర్షోవిట్జ్ సన్నటి గాజు తీగలతో వంగే గొట్టం తయారుచేసి, ముందు తనే మింగి చూశాడు.

ఈలోగా వేరే దారి తెరుచుకుంది. 1895 నవంబర్ 8న రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలు కనిపెట్టాడు. ఎముకలు బ్రహ్మాండంగా కనిపించాయి. కానీ అన్నవాహిక మెత్తటి కండ, కిరణాలు దానిలోంచి దూసుకెళ్లిపోతాయి. ఏమీ కనపడదు. మరుసటి ఏడాది, 1896 డిసెంబర్‌లో, హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే వైద్య విద్యార్థి ఒక కుక్కకి గుండీ మింగించి, అది గొంతులోంచి దిగడం తెర మీద చూశాడు. తర్వాత పెద్ద బాతు మీద ప్రయోగం. బాతు మెడ పొడుగు కదా, ముద్ద దిగడం తీరిగ్గా చూడొచ్చు. మేతలో బిస్మత్ అనే బరువైన లోహపు లవణం కలిపాడు. కిరణాలు బిస్మత్‌ని దాటలేవు. గొట్టం కనపడకపోయినా, గొట్టంలో పోతున్న ముద్ద నీడ కనిపిస్తుంది.

కాలవలో రంగు నీళ్లు పోస్తే కాలవ ఎక్కడ ఇరుగ్గా ఉందో తెలుస్తుంది చూడండి, అదే సూత్రం. ఈ కానన్ తర్వాత పెద్ద శాస్త్రవేత్త అయ్యాడు, 1945లో చనిపోయాడు. చివరి రోజుల్లో ఆయన్ని బాధించిన చర్మ వ్యాధికి కుర్రతనంలో రక్షణ లేకుండా తగిలిన ఆ కిరణాలే కారణమని భావిస్తారు. మనం చూడగలుగుతున్నాం అంటే, మనకంటే ముందు చూసినవాళ్లు మూల్యం చెల్లించారు.

బిస్మత్ లవణాలతో కొందరికి విషం ఎక్కింది. 1910లో దాని బదులు బేరియం సల్ఫేట్ వాడొచ్చని జర్మనీలో తేల్చారు. నీళ్లలో కరగదు, ఒంటికి పట్టదు, చవక. తెల్లగా, చిక్కగా, అచ్చం సున్నంలాగే ఉంటుంది. మామ్మ సరిగ్గానే చెప్పింది.

బేరియం ఫిల్ములో క్యాన్సర్ ఎలా కనిపిస్తుంది? గొట్టం గోడ నున్నగా ఉండాల్సిన చోట గరుకుగా ఉంటుంది. దారి ఉన్నట్టుండి సన్నబడుతుంది, సన్నబడిన చోట పైఅంచు మెట్టులా పొడుచుకొస్తుంది. దాని పైనున్న గొట్టం ఉబ్బి ఉంటుంది, మూసిన తూము ముందు నీళ్లు నిలిచినట్టు. పై భాగంలో అయితే ఎదురుగా తీసిన ఫిల్ము ఒక్కటే చాలదు, పక్కనుంచి కూడా తీయాలి. మింగిన మందు అక్కణ్నించి క్షణంలో జారిపోతుంది. అందుకే వెంటవెంటనే బొమ్మలు తీస్తారు. ఇప్పుడైతే వీడియోలాగే.

ఇప్పుడు నన్ను బాగా కదిలించిన భాగం చెప్తాను.

1919లో బ్రిటన్‌లో ఇద్దరు గొంతు డాక్టర్లు, కార్డిఫ్‌లో పాటర్సన్, గ్లాస్గోలో బ్రౌన్ కెల్లీ, విడివిడిగా ఒకే విషయం రాశారు. కొంతమంది ఆడవాళ్లకి ముద్ద దిగదు. వాళ్లు పాలిపోయి ఉంటారు. నాలుక నున్నగా అయిపోయి ఉంటుంది. అన్నవాహిక మొదట్లో, సరిగ్గా పై భాగంలో, సన్నటి పొర ఒకటి సాలెగూడులా అడ్డంగా పెరిగి ఉంటుంది. బేరియం మింగించి పక్కనుంచి ఫిల్ము తీస్తే, ముందు గోడ నుంచి పొడుచుకొచ్చిన సన్న గీతలా కనిపిస్తుంది. అమెరికాలో ప్లమ్మర్, విన్సన్ అనే డాక్టర్లు కూడా ఇదే జబ్బు గురించి రాశారు. ఇప్పుడు ఈ నలుగురి పేర్లతోనే దాన్ని పిలుస్తారు.

ఇలాంటి ఆడవాళ్లలో దాదాపు అందరికీ ఉన్నది ఇనుము లోపం. రక్తహీనత. స్టాక్‌హోమ్‌లో ఆల్బమ్ అనే డాక్టర్ 1936లో ఇంకో ముడి విప్పాడు. నోరు, గొంతు, అన్నవాహిక పై భాగంలో క్యాన్సర్ వచ్చిన స్వీడన్ ఆడవాళ్లలో చాలామందికి ముందునుంచే ఈ జబ్బు ఉందని చూపించాడు. మామూలుగా అన్నవాహిక క్యాన్సర్ మగవాళ్లలో ఎక్కువ. ఆ పై అంగుళాల్లో మాత్రం అక్కడ ఆడవాళ్లే ఎక్కువ కనపడ్డారు. కారణం తిండిలో ఇనుము లేకపోవడం. తర్వాత స్వీడన్‌లో పిండిలో ఇనుము కలిపారు, తిండి మెరుగుపడింది, వైద్యం అందింది. ఆ జబ్బు అక్కడ అరుదైపోయింది.

దీన్ని చదివినప్పుడు నాకు మా మన్యం గుర్తొచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే సగానికి పైనే. కంగారు పడకండి, రక్తహీనత ఉన్న ప్రతివాళ్లకీ ఆ పొర రాదు, పొర వచ్చిన ప్రతివాళ్లకీ క్యాన్సర్ రాదు. మా మామ్మకి అదే కారణమని కూడా నేను అనను. కానీ ఐరన్ బిళ్లలు తెచ్చిస్తే గూట్లో పడేసే అలవాటు మన ఇళ్లల్లో ఉంది కదా. ఆ బిళ్ల వెనక ఇంత కథ ఉంది. పొర దశలోనే కనిపెడితే ఇనుము ఇచ్చి, గొంతు దారి వెడల్పు చేసి, బాగుచేయొచ్చు.

ఇంక మన ఉత్తరాంధ్ర దగ్గరికి వద్దాం. మామ్మ చుట్ట కాల్చేది. మామూలుగా కాదు, అడ్డపొగ. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. ఈ మాట వినగానే బయటివాళ్లు నమ్మరు. మా వైపు పుట్టినవాళ్లకి ఇది కొత్త కాదు. గాలికి ఆరిపోదు, చంకలో పిల్లాడి మీద నిప్పు రాలదు, పొలంలో రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

1923లో విశాఖలో ఆంధ్ర మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడి డాక్టర్లు ఒక వింత గమనించారు. వేరేచోట్ల నోటి క్యాన్సర్ బుగ్గకో నాలుకకో వస్తే, ఇక్కడ అంగిట్లో, అంటే నోటి పైకప్పుకి వస్తోంది. 1957లో డాక్టర్ గోవిందరెడ్డి, ఆయన సహచరుడు రావు, కోస్తా ఆంధ్రలో అంగిటి క్యాన్సర్‌కీ అడ్డపొగకీ ఉన్న సంబంధం గురించి రాశారు. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది. డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి మెహతా, గుప్తా బృందం. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించారు. అప్పటికి మా గుమ్మలక్ష్మీపురం కూడా శ్రీకాకుళం జిల్లాలోదే. 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చాం.

తర్వాత ఇదే బృందం శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్, మూడు చోట్లా కలిపి 36 వేల మంది పొగాకు వాడేవాళ్లని కలిసింది. మాటలతో, సినిమాలతో మానమని చెప్పింది. ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. చెప్తే చాలామంది మానేశారు, తగ్గించారు. నోట్లో క్యాన్సర్‌కి ముందు వచ్చే మచ్చలు కూడా తగ్గాయి. పల్లెటూరి వాళ్లకి చెప్పినా అర్థం కాదు అనేవాళ్లకి ఇదే జవాబు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. అంగిలి చూడాలంటే టార్చి లైటు, చిన్న అద్దం చాలు. డాక్టర్ గడప గడపకీ వెళ్లి చూడగలడు. అన్నవాహిక అంగిలికి ఒక జానెడు కిందే ఉంది. అదే పొగాకు దానికీ శత్రువే. మందు తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కానీ ఆ జానెడు కిందికి టార్చి వెలుతురు పోదు. అక్కడ చూడాలంటే యంత్రం కావాలి, యంత్రం ఊరికి రాదు, మనిషే యంత్రం దగ్గరికి పోవాలి. కొండమీద గూడెం నుంచి డోలీ కట్టి మోసుకొచ్చేవాళ్లకి అదెంత దూరమో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆ యంత్రాలు తర్వాత ఏమయ్యాయో గబగబా చెప్పేస్తాను. 1971 అక్టోబర్ 1న లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ యంత్రంతో మొదటి రోగికి తల స్కాన్ తీశారు. 1979లో ఆయనకి, కార్మాక్‌కి కలిపి నోబెల్ వచ్చింది. ఫిల్ములో ఒకదాని నీడ ఇంకొకదాని మీద పడుతుంది. సీటీ మనిషిని అరటికాయ చక్రాల్లా కోసి చూపిస్తుంది, కత్తి లేకుండా. బేరియం దారి ఎంత మూసుకుందో చెప్తే, సీటీ గోడ ఎంత మందమైందో చెప్తుంది. 5 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి. గడ్డకీ శ్వాసనాళానికీ మధ్య సన్నటి కొవ్వు పొర మిగిలుందా లేదా అన్నది ముఖ్యం. పై భాగంలో అక్కడ కొవ్వే తక్కువ, పైగా రెండు భుజాల ఎముకలు కిరణాలకి అడ్డొచ్చి బొమ్మ మీద చారలు పడతాయి. అందుకే ఈ చోటు చదవడం అనుభవం ఉన్నవాళ్లకీ కష్టమే.

ఎండోస్కోపీ గొట్టం చివర అల్ట్రాసౌండ్ పెడితే, గడ్డ గోడలో ఎన్ని పొరలు దాటిందో తెలుస్తుంది. పెట్ స్కాన్‌లో చక్కెరలాంటి మందుకి కొంచెం రేడియో ధార్మికత కలిపి ఎక్కిస్తారు. క్యాన్సర్ కణాలు ఆశపోతులు, చక్కెర ఎక్కువ తింటాయి, వెలిగిపోతాయి. గడ్డ వేరేచోటికి పాకిందేమో తెలుస్తుంది. ఆ మందు బలం ప్రతి 110 నిమిషాలకీ సగమైపోతుంది. తయారైన కొన్ని గంటల్లోనే వాడెయ్యాలి. పెట్ స్కాన్‌లు పెద్ద నగరాల్లోనే ఎందుకు ఎక్కువో అర్థమైంది కదా. ఇంకో మాట, ఏ బొమ్మా చివరి తీర్పు కాదు. ఎండోస్కోపీతో చిన్న ముక్క తీసి పరీక్షిస్తేనే క్యాన్సర్ అని ఖాయం చేస్తారు.

ఇంత చూడటం దేనికంటే, దాన్నిబట్టే వైద్యం. పై భాగంలో ఆపరేషన్ అంటే స్వరపేటిక కూడా పోవచ్చు. అందుకే చాలామందికి రేడియేషన్, కీమో కలిపి ఇస్తారు. రేడియేషన్ ఎక్కడ పడాలో గీత గీసేది కూడా స్కానే.

మామ్మకి ఏమైంది? ఫిల్ము తీసేసరికే గడ్డ పక్కకి పాకింది. కొన్నాళ్లు కరెంటు పెట్టించారు. ఆరోగ్యశ్రీ మొదలైంది 2007లో, మాది దానికి మూడేళ్లు ముందు. ఉన్న ఆవు, కొంత జీడితోట పోయాయి. ‘సాల్రా, ఇంక ఇంటికెల్లిపోదాం’ అంది మామ్మ. తీసుకొచ్చేశారు. పనసకాయల రోజుల్లో పోయింది. మామ్మకి పనస తొనలంటే ప్రాణం. ఆ ఏడాది ఇంట్లో ఎవరం తినలేదు.

యంత్రం లేక మామ్మ పోయిందని నేను చాలాకాలం అనుకున్నాను. ఈ చరిత్ర చదివాక అలా అనిపించట్లేదు. ఆమె ఫిల్ముకి కావలసిన విద్య 1910కే ఉంది. విశాఖలో 1923 నుంచి కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. తొంభై ఏళ్ల పాత పరీక్ష అది. ఆ పరీక్ష దగ్గరికి ఆమె చేరడానికి పట్టిన నెలలే ఆమెని తీసుకుపోయాయి. ఆ నెలల్లో కొన్ని రోడ్డువి, కొన్ని డబ్బువి, కొన్ని గమనించని మావి.

ఇప్పుడు విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. దారి అప్పటికంటే దగ్గరైంది. కానీ దారి మొదలయ్యేది మన ఇంటి కంచం దగ్గరే.

అందుకే మిమ్మల్ని ఒకటే అడుగుతాను. ఇంట్లో పెద్దవాళ్ల కంచం చూడండి. ముద్ద ముద్దకీ నీళ్లు తాగుతున్నారా? అన్నం మాని జావలోకి దిగారా? గొంతు మారిందా? బరువు తగ్గారా? రెండు మూడు వారాలు ఇలాగే ఉంటే గ్యాస్ బిళ్లలతో సరిపెట్టకుండా ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ‘నాకేటి కానేదు’ అంటారు. అన్నా తీసుకెళ్లండి.

ఈ ఫిల్ముని మళ్లీ పెట్టెలో పెట్టెయ్యను. ఫోటో తీసి ఫోన్లో దాచుకున్నాను, మామ్మకి వేరే ఫోటో లేదు మా దగ్గర. ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.